డెల్ఫీనియం పెంపకం: పనంతా మొదలు దగ్గరే

నేను డెల్ఫీనియంలు పెంచుతానని తెలిసినవాళ్ళు ముందు అడిగేది ఆ పూల నీలం గురించే. అంత నీలం నిజంగా ఉంటుందా, ఫోటోలో రంగు పెంచారా అని. నిజంగానే ఉంటుంది, ఫోటోలో కన్నా పొద్దున్నే తోటలో చూస్తే ఇంకా గాఢంగా ఉంటుంది. కానీ కొన్నేళ్ళుగా వీటిని పెంచుతున్నాక నాకు గట్టిగా అనిపించేది వేరే ఉంది. ఈ మొక్కతో మన పని పూల దగ్గర లేదు, నేల మీద జానెడు ఎత్తులోపలే ఉంది. పిలకలు మోకాలెత్తు వచ్చేలోపు మొదలు (వేరు, కాడ కలిసే చోటు) దగ్గర మనం ఏం చేశామన్నదాన్ని బట్టే ఆరడుగుల పూల కంకి నిలబడుతుందా, మధ్యలో విరిగి పడుతుందా, అసలు వస్తుందా రాదా అన్నది తేలిపోతుంది. కంకి పైకి లేచాక మనం చేయగలిగింది చాలా తక్కువ. పెంపకం గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా పూల గురించే చెప్పి ఈ కింది పనిని రెండు ముక్కల్లో తేల్చేస్తారు, అందుకే నేను దాని మీదే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఏ రకం పెంచాలో తేల్చుకోండి. డెల్ఫీనియం అనే ఒక్క పేరు కింద స్వభావం వేరే వేరే అయిన మొక్కలు అమ్ముతారు. ఫోటోల్లో కనిపించే ఆ నిలువెత్తు కంకులు ఎలాటమ్ రకాలవి, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దాకా పెరుగుతాయి. బెల్లడోనా రకాలు మీటరు ఎత్తు దాటి పెద్దగా పోవు, కొమ్మలు ఎక్కువ, పూలు వదులుగా ఉంటాయి, గాలికి బాగా తట్టుకుంటాయి. గ్రాండిఫ్లోరమ్ ఇంకా పొట్టిది, కుండీలో కూడా సరిపోతుంది, విత్తిన ఏడాదే పూస్తుంది. మ్యాజిక్ ఫౌంటెన్స్ అని ఎలాటమ్‌లోనే పొట్టి రకం ఉంది, సుమారు 90 సెంటీమీటర్లు, గాలి ఎక్కువగా ఉండే తోటకి నేను దాన్నే చెబుతాను. గింజల ప్యాకెట్లలో ఎక్కువగా దొరికే పసిఫిక్ జెయింట్స్‌ని కాలిఫోర్నియాలో ఫ్రాంక్ రైనెల్ట్ అనే ఆయన తయారు చేశారు. గింజల నుంచే మంచి కంకులు రావాలన్నది అక్కడి లక్ష్యం, ఏళ్ళ తరబడి బతకాలన్నది కాదు, అందుకని అవి రెండు మూడేళ్ళకే నీరసించిపోతే మన పెంపకంలో లోపం అనుకోనక్కర్లేదు. న్యూజీలాండ్‌లో తయారైన న్యూ మిలీనియం రకాలు కాడ గట్టిదనంలో వీటికన్నా మెరుగు, నా తోటలో మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. ఇక లార్క్‌స్పర్ అని ఇంకొకటి ఉంది, దగ్గరి చుట్టమే కానీ అది ఒక సీజన్ మొక్క, ఆకులు సన్నగా దారాల్లా చీలి ఉంటాయి, నేరుగా నేలలో చల్లుకోవాలి. రెండూ ఒకటే అనుకుని కొంటే తర్వాత నిరాశ పడతారు.

వాతావరణం గురించి దాచకుండా చెప్పాలి. ఎలాటమ్ అడవి జాతి పుట్టింది యూరప్ నుంచి సైబీరియా దాకా ఉన్న చల్లటి కొండ ప్రాంతాల్లో. దానికి చలికాలం కావాలి, చల్లటి రాత్రులు కావాలి. చలికి పై భాగమంతా చచ్చిపోయి వేరు మాత్రం నిద్రపోయి, మళ్ళీ లేచే మొక్క అది. ఎండలు మండే చోట ఏళ్ళ తరబడి నిలబెట్టాలని చూడటం వృథా ప్రయాస. అలాంటి చోట ఉన్నవాళ్ళు వేడి తగ్గాక నారు పోసుకుని, చలికాలమంతా పెంచుకుని, ఎండలు ముదిరేలోపు పూలు చూసి, ఆ మొక్కని ఆ సీజన్‌తో వదిలేసుకోవడం మేలు. ఇలా పెంచినా కంకులు బాగానే వస్తాయి, కాకపోతే దుబ్బు కట్టి ఏటేటా పెరిగే ముచ్చట ఉండదు.

గింజ విషయంలో ఒక్కటే మాట, తాజాది కావాలి. డెల్ఫీనియం గింజ మామూలు గది వేడిలో ఉంచితే మొలిచే శక్తి త్వరగా పోతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చాలా కాలం ఆగుతుంది. నేను గింజలు రాగానే, విత్తే సమయం కాకపోయినా, నేరుగా ఫ్రిజ్‌లోకే పంపిస్తాను. దగ్గరగా చూస్తే ఆ గింజ చిన్నగా, నల్లగా, మూల మూలలుగా, ఒళ్ళంతా ముడతలు పడినట్టు ఉంటుంది. విత్తే ముందు తడిపి పిండిన కాగితంలో పరిచి, మడిచి, ఒక కవర్లో పెట్టి వారం పది రోజులు మళ్ళీ ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. కొందరు ఈ చల్లబరచడం అక్కర్లేదంటారు, బాగా తాజా గింజకి అక్కర్లేకపోవచ్చు కూడా, కానీ కొన్న గింజ ఎంత పాతదో మనకు తెలియదు కాబట్టి నేను మానను.

తర్వాత ట్రేలో సన్నటి మిశ్రమం నింపి, తడిపి, గింజలు పెట్టి, మూడు నాలుగు మిల్లీమీటర్లు కప్పాలి. వెలుతురు తగలకుండా ఉంటే బాగా మొలుస్తాయి. వేడి మాత్రం ఇవ్వకండి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మిగతా విత్తనాలకి అలవాటైనట్టు వెచ్చటి చోట పెడితే ఇవి మొలవకుండా మొండికేస్తాయి. 15 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉండే చోటు చాలు, 20 దాటితే మొలక శాతం తగ్గడం మొదలవుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోపు తవ్వి చూడొద్దు. ఒక్కోసారి సగం ముందు వచ్చి మిగతావి తీరిగ్గా వస్తాయి. మొలకలు కనిపించగానే వెలుతురులోకి మార్చాలి, నీళ్ళు పైనుంచి పోయకుండా ట్రేని నీళ్ళలో కాసేపు ఉంచి కిందినుంచి పీల్చుకోనివ్వాలి. తడి ఎక్కువై గాలి ఆడకపోతే నారుకుళ్ళు వచ్చి ఒక రాత్రిలో వరస మొత్తం వాలిపోతుంది. మొదట వచ్చే రెండు బీజదళాలు నున్నగా ఉంటాయి, ఆ తర్వాత చేతివేళ్ళలా చీలిన అసలు ఆకు వస్తుంది. ఆ అసలు ఆకు వచ్చాకే చిన్న కుండీల్లోకి మార్చాలి, పట్టుకునేటప్పుడు ఆకుతో పట్టుకోవాలి తప్ప కాడతో కాదు. కాడ నలిగితే ఇక ఆ మొక్క కోలుకోదు.

నాటే చోటు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ, మధ్యాహ్నపు మంట కన్నా పొద్దుటి ఎండ మేలు, ఎదురుగాలి నేరుగా తగలకూడదు. అలాగని గోడకి ఆనించి పెట్టినా ఇబ్బందే, గాలి ఆడక బూడిద తెగులు పట్టుకుంటుంది. నేల సారవంతంగా ఉండాలి, కానీ నీళ్ళు నిలవకూడదు. ఈ రెండూ ఒకే చోట కుదరడమే కష్టం. నా తోటలో మట్టి బరువుగా ఉంటుంది, అందుకే గొయ్యి తవ్వి కొంచెం పూడ్చేసే పని పెట్టుకోకుండా, మొత్తం మడినే జానెడు ఎత్తు లేపి, బాగా మాగిన కంపోస్టు, ముతక ఇసుక, సన్న కంకర కలిపాను. మట్టి పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే వీటికి హాయి. పులుపు నేలైతే కాస్త సున్నం పొడి వేసుకోవాలి, అదీ మట్టి పరీక్ష చేసుకున్నాకే. మొక్కకీ మొక్కకీ రెండు మూడు అడుగులు వదలాలి. నాటిన రోజు చూస్తే అంత ఖాళీ దేనికి అనిపిస్తుంది, మూడో ఏడు చూస్తే చాలలేదనిపిస్తుంది.

నాటే లోతు చాలా ముఖ్యం. వేరు, కాడ కలిసే చోటు, అంటే మొదలు, మట్టి మట్టానికి సరిగ్గా సమంగా ఉండాలి. లోతుగా దిగిపోతే కుళ్ళుతుంది, పైకి తేలితే ఎండిపోతుంది. మల్చింగ్, అంటే మట్టి మీద పరిచే కప్పు, వేసేటప్పుడు కూడా మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ మందం ఖాళీ వదిలి దూరంగా వేస్తాను. కంపోస్టుని కుప్పగా తెచ్చి మొదలు మీదే పోయడం ఈ మొక్కకి ప్రేమతో చేసే అపకారం. చలికాలంలో డెల్ఫీనియంని చలి చంపదు, నిలిచిన తడి చంపుతుంది.

మొదటి ఏడు పూలు చూడాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. నారు నుంచి వచ్చిన మొక్క మొదటి సీజన్‌లోనే సన్నటి కంకి ఒకటి వేస్తుంది. దాన్ని పూర్తిగా పూయనిస్తే వేరు బలం తగ్గుతుంది. నేను కింది పూలు కొన్ని విచ్చేదాకా ఆగి, రంగు చూసుకుని, కోసేస్తాను. ఆ మిగిలిన బలమంతా వేర్లకి పోయి రెండో ఏడు మొదలు లావుగా తయారవుతుంది.

ఇప్పుడు అసలు పని. చలి తగ్గడం మొదలవగానే, మనం ఇంకా తోటలోకి సరిగ్గా అడుగు పెట్టకముందే, మట్టి పైపొర కింద ఎర్రటి, పచ్చటి మొగ్గలు ఉబ్బుతాయి. మనకన్నా ముందు వాటిని కనిపెట్టేది నత్తలు. గుల్ల ఉన్నవి సరే, గుల్ల లేని స్లగ్స్ ఇంకా ప్రమాదం, అవి మట్టిలోకి దిగి మొలక బయటికి రాకముందే కొరికేస్తాయి. బయటినుంచి చూస్తే మొక్క చలికి చచ్చిపోయింది అనిపిస్తుంది. చచ్చిపోలేదు, వచ్చిన ప్రతి మొలకా తినేశాయంతే. నిద్రపోతున్న మొక్క చోటు గుర్తుండేలా ఒక కర్ర పాతి ఉంచుతాను, ఆ కర్ర దగ్గర సీజన్ మొదట్లో వేలితో మట్టి పక్కకి జరిపి చూస్తాను. మొగ్గ నున్నగా, బిగుతుగా ఉంటే క్షేమం. పక్కన సన్నటి గాట్లు, మెరిసే జిగురు చార కనిపిస్తే ఆ రాత్రే టార్చి పట్టుకుని బయటికి రావాలి.

ఈ నత్తలకి అడ్డుగా రాగి పట్టీలు, గుడ్డు పెంకులు, కంకర, ఉన్ని గుళికలు వాడమని చెబుతారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో లెట్యూస్ మొక్కల మీద ఇలాంటివన్నీ పెట్టి చూసింది, అడ్డు ఉన్నా లేకపోయినా నష్టంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నేను ఇప్పటికీ మొదలు చుట్టూ సన్న కంకర వేస్తాను, కానీ అది నీళ్ళు నిలవకుండా ఉండటానికి, నత్తలు ఆగుతాయని కాదు. నత్తలకి నాకు పనిచేసినవి రెండే. చీకటి పడ్డాక, వాన కురిసి వెలిసిన రాత్రుల్లో తప్పకుండా, చేత్తో ఏరేయడం. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పల్చగా, మొలకలు రాకముందే చల్లడం. నేల కాస్త వెచ్చబడ్డాక స్లగ్స్‌ని చంపే నెమటోడ్లు (కంటికి కనబడనంత సన్నటి పురుగులు) నీళ్ళలో కలిపి పోసే పద్ధతి కూడా ఉంది, మట్టి 5 డిగ్రీలకి పైన ఉంటేనే అవి పనిచేస్తాయి. ఆ రెండు మూడు వారాలు కాపాడుకుంటే చాలు, పిలక అడుగు ఎత్తు దాటితే కాడ గట్టిపడి నత్తలకి రుచించదు.

పిలకలు బెత్తెడు ఎత్తు, అంటే 7 నుంచి 10 సెంటీమీటర్లు రాగానే పలచన చేయాలి. ఈ పనికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. నత్తల నుంచి కాపాడుకున్న పిలకల్ని మనమే తీసేయడమేమిటి అనిపిస్తుంది. కానీ బాగా పెరిగిన దుబ్బు నుంచి పదిహేను, ఇరవై పిలకలు వస్తాయి, అన్నీ వదిలేస్తే అన్నీ సన్నగా, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పెరిగి, లోపల గాలి ఆడక కింది ఆకులు పసుపెక్కి, చివరికి పూసేవి వేలెడు లావు కూడా లేని కంకులు. నాటాక వచ్చే మొదటి వసంతంలో రెండు మూడు, దుబ్బు పెద్దదయ్యాక ఐదు నుంచి ఏడు. అంతకన్నా ఎక్కువ నేను వదలను. ఏవి తీయాలంటే ముందు సన్నవి, తర్వాత దుబ్బు నడిమధ్యలో కిక్కిరిసినవి. అంచుల్లో చుట్టూ సమంగా ఉన్నవి ఉంచాలి.

తీసినవాటిని పారేయకండి, అవే రేపటి మొక్కలు. మట్టి కొంచెం పక్కకి తీసి, పదునైన చిన్న కత్తితో పిలకని మొదలుకి అంటుకున్న చోటే, ఆ గట్టి భాగం కొంచెం పిలకతోపాటు వచ్చేలా కోయాలి. కోసిన చోటు తిప్పి చూడండి. సుద్దముక్కలా తెల్లగా, నిండుగా, మధ్యలో చిల్లు లేకుండా ఉంటే అది వేరు పోస్తుంది. మధ్యలో గొట్టంలా బోలుగా కనిపిస్తే ఆలస్యమైపోయినట్టే, ఎంత జాగ్రత్త చేసినా లోపలినుంచి కుళ్ళుతుంది. అందుకే పలచన చేసే పని తొందరగా చేయాలంటాను, నాలుగు రోజులు వాయిదా వేస్తే అవే పిలకలు పైకి సాగి లోపల బోలు అయిపోతాయి. మంచివాటిని పెర్లైట్ (మట్టికి బదులు వాడే తేలికైన తెల్లటి గుళికలు) నింపిన గ్లాసులో అడుగున కొంచెం నీళ్ళు ఉంచి నిలబెడతాను, ఎండ నేరుగా పడని చల్లటి చోట. ముందు కోసిన చోట తెల్లటి బుడిపెలు లేస్తాయి, ఆ తర్వాత వేళ్ళు. అన్నీ రావు, సగానికి పైగా వస్తే సంతోషమే. వేరు అంగుళం అవగానే కుండీలోకి మార్చేయాలి, నీళ్ళలో ఎక్కువ రోజులుంటే ఆ వేరు పెళుసుగా అయి మార్చేటప్పుడు విరిగిపోతుంది.

ఊత కర్రలు. ఇవి పువ్వు వచ్చాక పాతేవి కావు, పిలకలు అడుగు ఎత్తులో ఉన్నప్పుడే పాతాలి. అప్పుడు చూస్తే మడి అందం పోయినట్టు, కర్రల అడవిలా ఉంటుంది, ఇంకో మూడు నాలుగు వారాల్లో ఆకులు కమ్మేసి కనబడవు. డెల్ఫీనియం కాడ లోపల బోలు, పైన కంకి బరువు. ఎండగా ఉన్నప్పుడు బాగానే నిలబడుతుంది, వాన పడితే ఒక్కో పువ్వూ నీళ్ళు పట్టుకుంటుంది, అప్పుడు గాలి ఒక తోపు తోస్తే చాలు. ఒక్క కర్ర పాతి ఒక్క చోట బిగించి కడితే కాడ సరిగ్గా ఆ ముడి దగ్గరే విరుగుతుంది. ముడి పైభాగం ఊగుతుంది, కిందిది ఊగదు, వంగే బరువంతా ఆ ఒక్క చోట పడుతుంది. అందుకని నేను దుబ్బు చుట్టూ మూడు నాలుగు కర్రలు పాతి, వాటి చుట్టూ పురికొసతో అడుగుకో వరస తిప్పుతాను, మధ్యలో అడ్డంగా కూడా ఒకటి రెండు దారాలు లాగుతాను. కాడలు ఆ గళ్ళలోనుంచి పెరిగి కొంచెం ఊగే వీలుంటుంది. పై వరస కంకి మొదలయ్యే చోటికి కాస్త కిందే ఆగాలి, పూలలోకి దారం వెళ్ళకూడదు. ఇలా కట్టాక ఒకసారి రాత్రంతా గాలివాన కొట్టింది, ప్రతి కంకీ అటూ ఇటూ వాలింది, ఒకటి రెండు మెలి తిరిగాయి, విరిగింది మాత్రం లేదు. తెల్లారి ఒక్కో కంకినీ మెల్లగా దులిపి నీళ్ళు రాల్చాను, ఎండెక్కేసరికి వాటంతట అవే లేచాయి.

నీళ్ళు, ఎరువు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కాడ పొడుగు సాగే రోజుల్లో నేల ఎండిపోకూడదు, అప్పుడు దాహం పడితే కంకి పొట్టిదైపోతుంది. నీళ్ళు మొదలు దగ్గర పోయాలి, ఆకుల మీద కాదు. పిలకలు లేచేటప్పుడు ఒకసారి, మొగ్గ కనిపించేటప్పుడు ఇంకోసారి అన్నీ సమంగా ఉన్న ఎరువు వేస్తే సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు దిట్టంగా పెరుగుతుంది, కాడ మెత్తబడుతుంది, నత్తలకీ తెగుళ్ళకీ విందు.

తెగుళ్ళలో ఎక్కువగా కనిపించేది బూడిద తెగులు. ఆకు మీద తెల్ల పొడి చల్లినట్టు ఉంటుంది, పూలు అయిపోయే రోజుల్లో, మొదలు పొడిగా ఉండి రాత్రి తేమ ఎక్కువగా ఉంటే ఎక్కువ. పలచన చేసిన దుబ్బుల్లో తక్కువ, అది నేను పక్కపక్కనే చూశాను. ఆకుల మీద తారు చుక్కల్లాంటి నల్లటి మచ్చలు వస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే మచ్చ తెగులు, నీటి చినుకులతో కిందినుంచి పైకి పాకుతుంది, ఆ ఆకులు తీసేసి దూరంగా పారేయాలి, కంపోస్టులో వేయొద్దు. ఆకులు ముడుచుకుని మొగ్గలు నల్లగా, గిడసబారి విచ్చకుండా ఆగిపోతే సైక్లమెన్ నల్లి అని అనుమానించాలి, అది కంటికి కనబడనంత చిన్నది. ఆ మొక్క మీద ప్రేమ పెట్టుకోకుండా వేళ్ళతో సహా తీసేయడమే నా పద్ధతి, పక్కవాటిని కాపాడాలి కదా. వసంతంలో కొన ఆకులు గూడు కట్టినట్టు దగ్గరగా ముడుచుకుని ఉంటే విప్పి చూడండి, లోపల ఆకుపచ్చ గొంగళి పురుగు ఉంటుంది, చేత్తో తీసేస్తే సరి.

ఇవన్నీ అయ్యాక పువ్వు. కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. మనం రేకులు అనుకునే ఆ ఐదు నీలపు భాగాలూ నిజానికి రక్షక పత్రాలు, వాటిలో పైదాని వెనక సన్నటి తోక సాగి ఉంటుంది. అసలు ఆకర్షణ పత్రాలు మధ్యలో తెల్లగానో నల్లగానో గోధుమ రంగులోనో చిన్న గుంపుగా ఉంటాయి, తోట పెంచేవాళ్ళు దాన్ని ‘బీ’, అంటే తేనెటీగ, అంటారు. తేనె ఆ తోక లోపల ఉంటుంది, పొడుగు నాలుక ఉన్న బంబుల్‌బీలు తల లోపలికి దూర్చి తాగుతాయి. ఇవి కింది పువ్వు నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కుతూ పోతాయి, చూడటానికి చాలా బాగుంటుంది, నేను పని మానేసి నిలబడిపోతాను. ఆ నీలానికి కారణం డెల్ఫినిడిన్ అనే రంగు పదార్థం, ద్రాక్షలో, వంకాయ తొక్కలో కూడా అదే కుటుంబం రంగులుంటాయి. అక్కడ ఊదాగా కనిపించేది ఇక్కడ ఇంత స్వచ్ఛమైన నీలం అవడానికి ఆ పదార్థానికి అతుక్కుని ఉండే ఇతర అణువులు కారణం.

ఇంట్లో పెట్టుకోవడానికి కోయాలంటే కంకిలో కింది మూడో వంతు విచ్చాక కోయండి. కాడ తలకిందులు చేసి బోలులో నీళ్ళు నింపి, దూది ముక్కతో మూసి, వాజులో పెడితే ఎక్కువ రోజులు ఆగుతుంది. పండిన పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టొద్దు. పండ్లు వదిలే ఎథిలీన్ వాయువుకి ఈ పూలు వెంటనే రాలిపోతాయి.

మొక్క మొత్తం విషం. ఆకు, కాడ, వేరు అన్నీ, గింజలూ లేత మొలకలూ ఇంకా ఎక్కువ. ఇందులో ఉండే ఆల్కలాయిడ్లు కండరాల్ని పనిచేయనివ్వవు, అమెరికా పశ్చిమ రాష్ట్రాల మేత భూముల్లో అడవి డెల్ఫీనియంలు మేసి పశువులు చనిపోవడం అక్కడి పశుపోషకులకి పాత సమస్య. కత్తిరింపులు, పిలకలు కోసేటప్పుడు నేను గ్లౌజులు వేసుకుంటాను, కోసిన చెత్తని పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందేలా వదలను. చిన్న పిల్లలు తిరిగే చోట మడి వెనక వరసలో నాటుకోండి, ఎత్తు మొక్క కాబట్టి ఎలాగూ అక్కడే బాగుంటుంది.

పూలు అయిపోగానే కంకిని మాత్రమే, పెద్ద ఆకుల పైదాకా కోసేయాలి. గింజ కట్టనిస్తే మొక్క ఇక ఆ ఏడాదికి పని అయిపోయిందనుకుంటుంది. ఆకుల్ని అప్పుడే తీయొద్దు, మొదలు దగ్గర కొత్త పిలకలు కనిపించేదాకా అవి వేరుకి అన్నం పెడుతూ ఉంటాయి. కొత్త పిలకలు రాగానే పాత కాడల్ని నేల మట్టానికి కోసేస్తాను. మధ్యలో కోసి మోడు వదిలితే ఆ బోలు గొట్టంలో వాన నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళుకి దారి తీస్తాయి. కొంచెం ఎరువు, నీళ్ళు ఇస్తే సీజన్ చివర్లో రెండోసారి పూస్తుంది. కంకులు చిన్నవే, కానీ ఆ సమయానికి తోటలో ఇంకెక్కడా ఆ రంగు ఉండదు. బలహీనంగా ఉన్న దుబ్బుకి మాత్రం ఈ రెండో పూత నేను రానివ్వను, పిలకల్ని అలా ఆకులతోనే పెరగనిస్తాను.

ఎంత బాగా చూసుకున్నా మూడు నుంచి ఐదేళ్ళకి దుబ్బు నడిమధ్య చెక్కబారి, లోపల నల్లబడి, పిలకలు అంచుల్లోనే వస్తాయి. అప్పుడు వసంతంలో తవ్వి తీసి అంచు ముక్కల్ని వేరు చేసి నాటుకోవచ్చు, నాకైతే అందులో నష్టపోయేవే ఎక్కువ అనిపించింది, లావు వేళ్ళు తెగితే కోలుకోవడం ఆలస్యం. పిలకల నుంచి తీసిన మొక్కలే బాగా నిలుస్తున్నాయి. పేరున్న రకాలైతే అసలు ఇంకో దారి లేదు, వాటి గింజ పోస్తే తల్లి రంగు రాదు, ఏదో ఒకటి వస్తుంది. గింజల నుంచి వచ్చిన మొక్కల్లో కూడా నాకు బాగా నచ్చినవాటినే పిలకలతో పెంచుకుంటున్నాను, రంగు ఒక్కటే చూడను, కాడ గట్టిగా ఉందా, ఆఖరి పువ్వు విచ్చేదాకా కింది పువ్వు రాలకుండా ఆగిందా, బూడిద పట్టలేదా అని చూస్తాను. వసంతంలో పిలకలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఏ రంగో చెప్పలేం, కాబట్టి పూలున్నప్పుడే పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి ప్రతి దుబ్బు పక్కన మట్టిలో గుచ్చి ఉంచండి. కాడకి కట్టొద్దు, కాడతోపాటు అదీ చెత్తలోకి పోతుంది. పెన్సిల్ ఎందుకంటే మార్కర్ సిరా ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది.